తత్వం ఎక్కడ మొదలవుతుంది? పానగల్ నీడ నుంచి నల్లగొండ నీళ్ల దాకా

నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్‌లో, పొలాల మధ్య, ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోడులు పానగల్‌ను రాజధానిగా చేసుకుని ఏలిన 11, 12 శతాబ్దాల నాటి కట్టడం. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటాలయం. వాటిలో శివుడి గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద, స్తంభం ఆకారంలో నిలువుగా ఒక నీడ పడుతుంది. పొద్దున చూసినా అక్కడే, మధ్యాహ్నం చూసినా అక్కడే, పొద్దు వాలేటప్పుడు చూసినా అక్కడే. బయట సూర్యుడు ఆకాశమంతా నడిచిపోతాడు, లోపల నీడ మాత్రం కదలదు. పైగా లింగానికీ ఆ గోడకూ మధ్య స్తంభమేదీ లేదు. ఆలయానికి ఆ పేరు వచ్చిందే ఈ ఛాయ వల్ల.

గుడికి వచ్చినవాళ్లు ఒకసారి గోడ వైపు, ఒకసారి మండపంలోని స్తంభాల వైపు చూస్తారు. స్తంభం పక్కకు వెళ్లి నిలబడతారు, చెయ్యి అడ్డం పెట్టి చూస్తారు, వెనక్కి వచ్చి మళ్లీ చూస్తారు. చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ, భక్తులూ భక్తి లేనివాళ్లూ అందరూ చేసే పని ఇదే. ‘ఎట్లా?’ అన్న ప్రశ్న ముందు పుడుతుంది, జవాబులు తరవాత వస్తాయి. తత్వశాస్త్రం పుట్టింది ఆశ్చర్యంలో నుంచేనని చాలాకాలంగా చెబుతున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో పరిశీలించడానికి ఇంతకన్నా మంచి చోటు తెలుగునాట దొరకదు.

నీడకు భౌతికశాస్త్రం చెప్పే వివరణ సారాంశం ఇది. గర్భగుడి గోడను వెలిగించేది నేరుగా పడే ఎండ కాదు. ఆకాశం నుంచి, నేల నుంచి, రాళ్ల నుంచి చెదిరి వచ్చిన వెలుతురు మండపం తెరుపుల గుండా లోపలికి ప్రవేశిస్తుంది. ఆ గోడకు సంబంధించినంతవరకు దీపం సూర్యుడు కాదు, ఆ తెరుపు. తెరుపు కదలదు. దానికీ గోడకూ మధ్య దారిలో నిలిచిన స్తంభాలూ కదలవు. వేర్వేరు స్తంభాలు ఆపిన వెలుతురు వల్ల ఏర్పడే పలుచటి నీడలు ఒకచోట కలిస్తే అక్కడ ముదురు పట్టీ కనిపిస్తుంది. సూర్యుడు జరిగేకొద్దీ వెలుతురు హెచ్చుతుంది, తగ్గుతుంది. నీడ చోటు మాత్రం మారదు.

వివరణ చక్కగా ఉంది. అయితే చాలామంది దీన్ని రెండు రకాలుగా వాడుకుంటారు. కొందరు వినకముందే ‘స్వామి మహిమ’ అని చేతులు జోడించి బయటికి వస్తారు. ఇంకొందరు విన్న వెంటనే ‘సైన్స్ తేల్చేసింది’ అని బయటికి వస్తారు. ఈ ఇద్దరికీ మధ్య పెద్ద వైరం ఉందని అనిపిస్తుంది కానీ, నీడను అక్కడితో వదిలేయడంలో ఇద్దరూ ఒకటే. ఆశ్చర్యం కలగడం ఒక ఎత్తు, కలిగిన ఆశ్చర్యం దగ్గర నిలబడి ఉండటం ఇంకో ఎత్తు. తత్వానికి పుట్టుక మొదటిదానిలో ఉన్నా, బతుకు రెండోదానిలోనే ఉంది.

ఆశ్చర్యం గురించిన పాత మాట గ్రీసు నుంచి వచ్చింది. ప్లేటో రాసిన ‘థియేటిటస్’ సంభాషణలో లెక్కల్లో దిట్ట అయిన ఒక కుర్రవాణ్ని సోక్రటీస్ చిక్కు ప్రశ్నలతో తికమక పెడతాడు. ఆరు పాచికల పక్కన నాలుగు పెడితే ఆరే ఎక్కువ. అదే ఆరింటి పక్కన పన్నెండు పెడితే ఆరు తక్కువ. ఆరు పాచికల్లో ఒక్కటీ పెరగలేదు, ఒక్కటీ తరగలేదు. మరి ఎక్కువైనవి తక్కువ ఎలా అయ్యాయి? కుర్రవాడు తల తిరుగుతోందంటాడు. తత్వవేత్తకు ఉండాల్సింది ఆ అనుభూతేనని, తత్వానికి మొదలు అంతకన్నా వేరే లేదని సోక్రటీస్ అతనికి ధైర్యం చెబుతాడు. గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ ఆశ్చర్యం పుట్టించింది తోకచుక్కా కాదు, అద్భుతమూ కాదు. రోజూ చూసే వస్తువును గురించి మనం అనుకుంటున్న రెండు మాటలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం.

అరిస్టాటిల్ దీనికి చరిత్ర జోడించాడు. ‘మెటాఫిజిక్స్’ మొదటి భాగంలో ఆయన చెప్పిన క్రమం ఇది: మనుషులు మొదట దగ్గరి వింతలకు ఆశ్చర్యపడ్డారు, తరవాత చంద్రుడి కళలు, సూర్యుడు, నక్షత్రాలు, విశ్వం పుట్టుక వంటి పెద్ద విషయాలకు వెళ్లారు. పురాణకథను ప్రేమించేవాడు కూడా ఒక విధంగా తత్వప్రేమికుడేనన్నాడు, ఎందుకంటే కథలు నిండా వింతలే. అయితే ఆయన రెండు షరతులు పెట్టాడు. కూడూ గుడ్డా సమకూరి తీరిక చిక్కాకే మనుషులు ఈ తోవ పట్టారన్నది ఒకటి. ఆశ్చర్యంతో మొదలైన ప్రయాణం దానికి వ్యతిరేకమైన స్థితిలో ముగియాలన్నది రెండోది. చతురస్రం భుజాన్నీ కర్ణాన్నీ ఒకే కొలతతో కొలవలేమంటే తెలియనివాడు ఆశ్చర్యపోతాడు. క్షేత్రగణితం తెలిసినవాడికి కొలవగలిగితేనే ఆశ్చర్యం.

ఆ తరవాతి యూరప్‌లో ఆశ్చర్యానికి స్తుతీ ఉంది, అనుమానమూ ఉంది. 1649లో వచ్చిన ‘ఆత్మ ఉద్వేగాలు’ గ్రంథంలో డెకార్ట్ ఆశ్చర్యాన్ని ఉద్వేగాలన్నిటిలో మొదటిదిగా నిలిపాడు. కానీ అది మితిమీరితే మనిషి నిలువునా కొయ్యబారి, ఇక తెలుసుకోలేడని హెచ్చరించాడు. స్పినోజా ఇంకాస్త కటువుగా మాట్లాడాడు. అద్భుతాల అసలు కారణాలు వెతికేవాణ్ని జనం పాషండుడంటారని, అజ్ఞానం పోతే తమ అధికారానికి ఆసరా అయిన ఆశ్చర్యం కూడా పోతుందని పెద్దలకు తెలుసని అన్నాడు. పానగల్‌కు ఈ ఇద్దరి మాటలూ పనికొస్తాయి.

ఇక నీడ దగ్గరికి వస్తే, గ్రీకుల కన్నా మన తార్కికులే ఎక్కువ దూరం వెళ్లారు. నీడ అంటే ఏమిటి? అది వస్తువా, కాదా? ఇది పండితుల వినోదం కాదు, శతాబ్దాల పాటు గట్టిగా నడిచిన వాదం. వైశేషిక సూత్రాల్లో కణాదుడు చీకటిని వెలుతురు లేకపోవడంగా చెప్పాడు. వెలుతురును మరో వస్తువు కప్పేయడం వల్ల అది ఏర్పడుతుందన్నాడు. కుమారిల భట్టు సంప్రదాయపు మీమాంసకులు ఒప్పుకోలేదు. చీకటి నల్లగా కనిపిస్తుంది, అంటే దానికి రంగు ఉంది. మనిషి నడిస్తే నీడ నడుస్తుంది, అంటే దానికి కదలిక ఉంది. రంగూ కదలికా ఉన్నది వస్తువు కాక మరేమిటి? కాబట్టి వైశేషికులు లెక్కించే తొమ్మిది ద్రవ్యాల పక్కన చీకటిని పదో ద్రవ్యంగా చేర్చాలని వాదించారు.

ఈ వాదాన్ని విద్యార్థులకు అందించిన మనిషి తెలుగువాడు కావడం ఇక్కడ చెప్పుకోదగ్గ సంగతి. 17వ శతాబ్దపు అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’ ఇవాళ్టికీ సంస్కృత తర్కం చదివేవాళ్లకు తొలి పాఠ్యపుస్తకం. దాని మీద ఆయనే రాసుకున్న వ్యాఖ్య ‘దీపిక’లో, ద్రవ్యాలు తొమ్మిదే ఎందుకన్న చోట పదో ద్రవ్యం పేచీ వస్తుంది. ఆయన జవాబు సూటిగా ఉంటుంది. రంగున్న వస్తువు కంటికి కనిపించాలంటే వెలుతురు తోడు కావాలి. చీకటి వెలుతురు లేనప్పుడే కనిపిస్తుంది. అందుకని అది రంగున్న వస్తువు కాదు, వెలుతురు లేమి మాత్రమే. నలుపు, కదలిక మనకు తోచేవి, దానికి ఉన్నవి కావు. పుస్తకం ఎంత చిన్నదో, ఈ ముక్క అంత బలమైనది. కళ్ల ముందు స్పష్టంగా ‘కనిపిస్తున్న’ దాన్ని పట్టుకుని, అది లేమి అని తర్కంతో తేల్చడానికి గుండెధైర్యం కావాలి.

అన్నంభట్టు పరికరాలతో పానగల్ నీడను చూస్తే ఆ ఆశ్చర్యం ఎక్కడిదో తెలుస్తుంది. అక్కడ నిలబడిన ప్రతివాడి మనసులో ఒక నియమం ఉంటుంది: సూర్యుడు కదిలితే నీడ కదలాలి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంగతి కాబట్టి దాన్ని ఎవరూ ప్రశ్నించరు. ఇలాంటి నియమాన్ని తార్కికులు వ్యాప్తి అంటారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నది సరైన వ్యాప్తి. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందన్నది సరైనది కాదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుములో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. చెప్పకుండా దాగి ఉన్న ఆ షరతుకు ఉపాధి అని పేరు. సూర్యుడు కదిలితే నీడ కదలాలన్న నియమంలోనూ అలాంటి ఉపాధి దాగి ఉంది: ఆ నీడ నేరుగా పడే ఎండ వల్ల ఏర్పడాలి. పానగల్ గర్భగుడిలో ఆ షరతు లేదు. అక్కడ వింతగా ప్రవర్తించింది నీడ కాదు. మన నియమమే అసంపూర్ణంగా ఉంది.

దీంతో ప్రశ్న ముగుస్తుందా? ముగియదు. కట్టినవాళ్లు ఇది తెలిసే కట్టారా, కట్టాక పడిన నీడను చూసి గుడికి ఆ పేరు పెట్టారా? గొప్పగా ఊహించుకోవడం సులువు. ‘వెయ్యేళ్ల కిందటే మనవాళ్లకు కాంతిశాస్త్రమంతా తెలుసు’ అన్న మాట ఇలాంటి చోట్ల వెంటనే పుట్టుకొస్తుంది. దాన్ని తేల్చే పద్ధతి మాత్రం ఊహ కాదు, పోలిక. హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి కూడా త్రికూటాలయమే. పానగల్‌లోనే పచ్చల సోమేశ్వరాలయం ఉంది, స్తంభాల మీద రామాయణ భారత ఘట్టాలు చెక్కిన ఆలయం. ఇలాంటి మండపాల్లో తెరుపుల కొలత, స్తంభాల ఎడం, గర్భగుడి లోతు కొలిచి పక్కపక్కన పెట్టి చూడవచ్చు. తెరుపులు, స్తంభాలు దాదాపు ఒకే తీరున ఉన్న మరో గుడిలో నీడ దానంతట అదే పడుతుంటే, పానగల్ శిల్పులది గమనించే చూపు అనాలి. ఒక్క పానగల్‌లోనే, అదీ మిగతా గుళ్ల కొలతల నుంచి కావాలని తప్పుకున్నట్టున్న చోటే పడుతుంటే, అప్పుడు వాళ్లది ప్రణాళిక అనాలి. అట్టపెట్టె, నాలుగు కొయ్యముక్కలు, ఒక టార్చిలైటు ఉంటే ఈ పనిలో మొదటి భాగం ఏ బడిలోనైనా చేయవచ్చు.

ఆశ్చర్యం కథ ఇంతవరకు బాగానే నడిచింది. కానీ భారతీయ దర్శనాల్లో ఎక్కువ భాగం ఆశ్చర్యంతో మొదలు కాలేదు. సాంఖ్యకారికల మొదటి కారికే మూడు రకాల దుఃఖం వేధించడం వల్ల జిజ్ఞాస పుడుతుందంటుంది. తన వల్ల కలిగేది, ఇతర ప్రాణుల వల్ల కలిగేది, దైవికంగా కలిగేది. న్యాయ సూత్రాల్లో గౌతముడు పేర్కొన్న పదహారు పదార్థాల్లో సంశయం, ప్రయోజనం రెండూ ఉన్నాయి. మునిమాపు వేళ దూరాన కనిపించేది మోడా, మనిషా అన్నది సంశయానికి వాళ్లు ఇచ్చే వాడుక ఉదాహరణ. అందులో అబ్బురం లేదు, ముందుకు వెళ్లాలా వద్దా అన్న అవసరం ఉంది. ఆశ్చర్యం అసలే లేదని కాదు. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం సృష్టి ఎలా వచ్చిందో పై నుంచి చూసేవాడికైనా తెలుసో లేదో అని అడిగి ఊరుకుంటుంది. కేనోపనిషత్తు మనసును నడిపేది ఎవరన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. అయినా ప్రధాన ధార దుఃఖానిదే.

బుద్ధుడు ఇంకా నిక్కచ్చి. మాలుంక్యపుత్రుడు అనే భిక్షువు లోకం శాశ్వతమా కాదా, దానికి అంతం ఉందా లేదా చెప్పకపోతే సంఘం వదిలి వెళతానంటాడు. విషపుటంబు దిగినవాడు అది వేసినవాడి కులం, ఎత్తు, రంగు, వింటి కర్ర ఏ చెట్టుదో తెలిసేదాకా అంబు తీయనివ్వనంటే ఏమవుతుందని బుద్ధుడు అడుగుతాడు. నల్లగొండ ప్రాంతానికి ఈ మాట పరాయిది కాదు. ఫణిగిరి, తిరుమలగిరి, గాజులబండ, వర్ధమానుకోట: ఉమ్మడి జిల్లా నిండా బౌద్ధ స్థలాలే. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ ఇక్ష్వాకుల రాజధాని, ఆచార్య నాగార్జునుడి పేరు మోస్తున్న లోయ. నాగార్జునసాగర్ ఆనకట్టలో ఆ లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు.

అదే సాగర్, అదే జిల్లా, అవే నీళ్లు ఈ చర్చకు రెండో పెద్ద ఉదాహరణ ఇచ్చాయి. ఆ ఉదాహరణ పుట్టింది వేడుకలో నుంచి కాదు, నొప్పిలో నుంచి.

నల్లగొండ ఊళ్లలో పిల్లల పళ్లు గారపట్టేవి. నడివయసు రాకముందే నడుము వంగేది, మెడ తిరిగేది కాదు, కీళ్లు బిగుసుకుపోయేవి. మర్రిగూడ మండలం బట్లపల్లి, శివన్నగూడెం వంటి ఊళ్ల పేర్లు ఈ బాధతోనే రాష్ట్రమంతా తెలిశాయి. ‘ఎందుకు ఇట్లయితున్నది?’ అన్న ప్రశ్న ఆ ఇళ్లలో తరాల పాటు ఉంది. కర్మ అన్నవాళ్లున్నారు, శాపమన్నవాళ్లున్నారు, వంశంలోనే ఉందన్నవాళ్లున్నారు. 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో ఇలాంటి జబ్బుకు తాగునీటిలోని ఫ్లోరైడ్ కారణమని చెప్పారు. 1955లో ఎ.హెచ్. సిద్దీఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఇక్కడి రాతినేలల్లో, గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. కరువు నేలలో బోరు ఎంత లోతుకు పోతే ఆ నీరు రాతితో అంత ఎక్కువ కాలం కలిసి ఉన్నదవుతుంది.

ప్రశ్న అక్కడా ఆగలేదు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ‘లాన్సెట్’ పత్రికలో మరో సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడ్ ప్రాంతంలోని చిన్న వయసువాళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే లక్షణం, ఎముకలు గుల్లబారడం కనిపించాయి. ఫ్లోరైడ్ ఒక్కటే కారణమైతే పాతకాలం రోగుల్లో కూడా అదే కనిపించాలి కదా? ఆ తరవాతి పరిశోధనల్లో ప్రధాన ఆహారమైన జొన్న, దానిలోని మాలిబ్డినం, ఒంట్లోని రాగి పాళ్లు, సాగర్ ఆనకట్ట తరవాత పైకొచ్చిన భూగర్భ జలం, మారిన నేల గుణం అన్నీ చర్చలోకి వచ్చాయి. కారణం తెలిసిందనుకున్న చోట కూడా దాగి ఉన్న మరో షరతు కోసం వెతికారు. తార్కికులు ఉపాధి అన్నది ఇదే. గుడిలో అది నీడను వివరించింది, ఊళ్లలో అది పిల్లల కాళ్లను వివరించడానికి పనికొచ్చింది.

నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను అడుక్కి దించి తేర్చే పద్ధతిని రూపొందించింది. ప్రపంచమంతా ఇవాళ దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. ఒక జిల్లా పేరు శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది దాని బాధ వల్ల. తరవాత కృష్ణా నీళ్లు వచ్చాయి. అవి వచ్చి నిలిచే ఒక జలాశయం పానగల్‌లోని ఉదయ సముద్రం. కందూరు చోడుల కాలపు ఆ చెరువు, ఇవాళ ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో భాగంగా నిండుతూ, ఫ్లోరైడ్ ఊళ్లకు తాగునీరు ఇస్తోంది. ఒకే ఊళ్లో, ఒకే రాజవంశపు చేతుల మీదుగా వచ్చిన గుడీ చెరువూ. గుడి అడిగించిన ప్రశ్న ఒకటి, నీళ్లు అడిగించిన ప్రశ్న ఒకటి.

తీరిక చిక్కాకే తత్వమన్న అరిస్టాటిల్ మాటకు ఇక్కడ గట్టి ఎదురుదెబ్బ తగులుతుంది. ఫ్లోరైడ్ ఊళ్లలో ఎవరికీ తీరిక లేదు, ‘ఎందుకు’ అన్నది మాత్రం ఉంది. దుఃఖం ప్రశ్నను పుట్టించగలదని సాంఖ్యులు చెప్పింది నిజం. అయితే వాళ్లు చెప్పనిది కూడా నల్లగొండ చెప్పింది: దుఃఖం ఒక్కటే ఉంటే ప్రశ్న శాపం దగ్గరో కర్మ దగ్గరో ఆగిపోగలదు. అక్కడి నుంచి నీటిని సీసాలో పట్టి కొలవడం దాకా రావడానికి బాధతో పాటు, బాధ పడనివాడి కుతూహలం కూడా కావలసి వచ్చింది. రెంటిలో ఏది ముందు అని పంతం పట్టేకన్నా, ఒకటి లేకుండా రెండోది ఎక్కడ ఆగిపోయిందో చూడటం ఎక్కువ ఫలితమిస్తుంది. వేమనను చూసినా అంతే. ఆయన ప్రశ్నలు విశ్వం వింతల మీద కాదు, మనిషి మనిషికి చేసే అన్యాయం మీద, డంబాచారం మీద. ఆయన్ను తత్వవేత్తల వరసలో నిలపడానికి ఆశ్చర్యం ఒక్కటే కొలబద్ద అయితే తెలుగువాళ్లు చాలా పోగొట్టుకుంటారు.

ఇంకో మూలం భయం. 1757లో వచ్చిన ‘మతాల సహజ చరిత్ర’లో డేవిడ్ హ్యూమ్ ఒక మాట గట్టిగా చెప్పాడు. తొలి మనుషులు ప్రకృతిని చూసి ఊరికే జ్ఞానం కోసం ప్రశ్నించలేదు, రేపు ఏమవుతుందోనన్న భయం, ఆశ వాళ్లను కనిపించని శక్తుల వైపు తోశాయి. దీనికి దక్షిణ తెలంగాణలో సాక్ష్యం దొరుకుతుంది. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం ఈ నేల మీదుగా వెళ్లింది. ఇబ్రహీంపట్నం దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్ రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది. అక్కడ 1968 నుంచి 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. శాస్త్రవేత్తలు ఆ కొద్ది నిమిషాల కోసం పరికరాలు సిద్ధం చేసుకుని నిలబడ్డారు. ఊళ్లలో, పట్టణాల్లో వీధులు ఖాళీ అయ్యాయి. తలుపులు మూసుకున్నారు, గర్భిణులను గదిలో నుంచి కదలనివ్వలేదు. చంద్రుడి నీడ నేల మీద పరిగెత్తిన అరుదైన మధ్యాహ్నాన్ని ఎక్కువమంది చూడనే లేదు.

గ్రహణాలు భూమి నీడ, చంద్రుడి నీడ వల్లేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు. గ్రహణ సమయంలో చంద్రుడి మీద పడే నీడ అంచు గుండ్రంగా ఉండటం చూసి భూమి గోళమని అరిస్టాటిల్ అంతకు ఎంతో ముందే నిరూపించాడు. అంటే వివరణ లేక కాదు. వివరణ పంచాంగం రాసేవాడి దగ్గర ఉంది, వేధశాలలో ఉంది, పాఠ్యపుస్తకంలో ఉంది. భయం ఇంట్లో ఉంది. రెండూ ఒకదాన్నొకటి కలుసుకోకుండా పదిహేను వందల ఏళ్లు పక్కపక్కనే బతికాయి. భయానికి విరుగుడు సమాచారం కాదు, చూసే ధైర్యం. ఆ ధైర్యం ఇచ్చేది కుతూహలమే. తరవాతి గ్రహణాలకు జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు నల్ల అద్దాలు పంచి పిల్లల్ని మైదానంలోకి తీసుకురావడం అందుకే ముఖ్యమైన పని. వాళ్లు పిల్లలకు పాఠం మళ్లీ చెప్పలేదు, ఆకాశం వైపు తల ఎత్తించారు.

ఆశ్చర్యం, దుఃఖం, సంశయం, భయం: నాలుగూ ప్రశ్నను పుట్టించగలవు. పుట్టిన ప్రశ్న బతకాలంటే అడిగేవాడికి అడిగే హక్కు ఉండాలి. ఈ సంగతి మీద తత్వ గ్రంథాలు తక్కువ మాట్లాడతాయి, ఎక్కువ మాట్లాడవలసింది దీని గురించే. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణంలో శాస్త్రీయ దృష్టి, మానవతావాదంతో పాటు ప్రశ్నించి తెలుసుకునే స్ఫూర్తిని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. ఎవరి మాటనో నమ్మడం ద్వారా సత్యం దొరకదన్నది ఆయన వాదన. ఆయన చెప్పిన మిగతా విషయాలతో ఏకీభవించినా లేకున్నా, గురువు స్థానంలో కూర్చున్నవాడు ఆ స్థానాన్నే వద్దనడం అరుదు. మన తరగతి గదుల్లో మాత్రం ఇప్పటికీ ప్రశ్న అడిగిన పిల్లవాణ్ని ‘సిలబస్‌లో లేదు’ అని కూర్చోబెట్టడం మామూలు. జవాబు తెలియకపోవడం ఉపాధ్యాయుడి తప్పు కాదు, కానీ అడిగినందుకు పిల్లవాడు సిగ్గుపడేలా చేయడం తప్పే.

ఈ అడ్డంకికి మన దగ్గర చాలా పాత దృష్టాంతం ఉంది. బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయంలో, జనకుడి సభలో, గార్గి యాజ్ఞవల్క్యుణ్ని అడగడం మొదలుపెడుతుంది. ఇదంతా నీటిలో పడుగుపేకలా అల్లుకుని ఉంటే, నీరు దేనిలో అల్లుకుని ఉంది? గాలిలో అయితే, గాలి దేనిలో? ఒక్కో మెట్టూ ఎక్కుతూ బ్రహ్మలోకం దాకా వస్తుంది. అది దేనిలో అని అడిగేసరికి యాజ్ఞవల్క్యుడు, అతిగా ప్రశ్నించకు, తల తెగి పడుతుందని హెచ్చరిస్తాడు. గార్గి ఊరుకుంటుంది. చాలామంది ఈ కథను ఇక్కడే ఆపుతారు. కానీ అదే అధ్యాయంలో కాస్త తరవాత ఆమె మళ్లీ లేస్తుంది. సభలోని పండితుల అనుమతి అడిగి, కాశీ వీరుడో విదేహ వీరుడో వింటికి నారి బిగించి రెండు బాణాలతో ఎదురుగా వచ్చినట్టు తాను రెండు ప్రశ్నలతో వచ్చానని యాజ్ఞవల్క్యుడికే చెబుతుంది. ద్యులోకానికి పైన, భూమికి కింద, జరిగిపోయినదీ జరగబోయేదీ అన్నీ దేనిలో అల్లుకుని ఉన్నాయి? ఆకాశంలో అన్న జవాబు రాగానే, ఆ ఆకాశం దేనిలో అని అడుగుతుంది. మొదటిసారి ఆగిపోయిన ప్రశ్నే, కొత్త దారిలో. యాజ్ఞవల్క్యుడు ఈసారి తలను గురించి ఆమెను బెదిరించలేదు. నశించనిదాన్ని గురించి, అది లావు కాదు, సన్నం కాదు, పొట్టి కాదు, పొడుగు కాదు, నీడ కాదు, చీకటి కాదు అంటూ చెప్పడం మొదలుపెట్టాడు.